బాంజో పక్కన పెట్టిన ఇద్దరు

నాష్‌విల్‌లో ఒక స్టూడియో. కోయెన్ సోదరుల సినిమా ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’కు పాటలు రికార్డవుతున్నాయి. సంగీతం బాధ్యత చూస్తున్న టీ బోన్ బర్నెట్ ఎదుట, డెబ్బై దాటిన రాల్ఫ్ స్టాన్లీ బాంజో పట్టుకుని ఉన్నాడు. పాట ‘ఓ డెత్’. దాన్ని పాతతరం బాంజో గాయకుడు డాక్ బాగ్స్ పద్ధతిలో పాడమన్నాడు బర్నెట్. స్టాన్లీ అలాగే పాడి చూపించాడు. ఆ తర్వాత, ‘ఒకసారి నా పద్ధతిలో పాడనివ్వు’ అని బాంజో పక్కన పెట్టేసి వట్టి గొంతుతో ఎత్తుకున్నాడు. రెండు మూడు చరణాలు అయ్యేసరికి బర్నెట్ ఆపాడు. తనకు కావలసింది అదేనన్నాడు. ఈ సంగతి స్టాన్లీ స్వయంగా చెప్పుకున్నదే.

సినిమా 2000లో వచ్చింది. పాటల ఆల్బం లక్షల్లో అమ్ముడుపోయింది. 2002 ఫిబ్రవరిలో, 75 ఏళ్లు నిండిన రెండో రోజున, స్టాన్లీ ఆ పాటకే గ్రామీ అందుకున్నాడు. అయితే నాకు ఆసక్తి ఆ బహుమతి మీద కాదు, బర్నెట్ అడిగిన మాట మీద. ‘బాగ్స్ లాగా పాడు’ అని స్టాన్లీని అడగడంలో ఒక ఊహ ఉంది: ఇద్దరూ ఒకే కొండల మనుషులు, ఇద్దరివీ ముక్కుతో కలిసిన పాతకాలపు గొంతులు, ఒకరి బదులు ఇంకొకరు సరిపోతారని. చాలామంది శ్రోతల ఊహా ఇదే. రికార్డులు పక్కపక్కన పెట్టి వింటే అది నిలవదు. వయసులో 29 ఏళ్లు పెద్దవాడైన బాగ్స్ తన కాలానికి కొత్తవాడు. చిన్నవాడైన స్టాన్లీయే నడిచే కొద్దీ వెనక్కి, పాతలోకి వెళ్లాడు.

ముందు కొండల సంగతి. వర్జీనియా రాష్ట్రం నైరుతి మూల, కెంటకీ సరిహద్దును ఆనుకుని వైజ్, డికెన్సన్ అనే రెండు కౌంటీలున్నాయి. 1880లో డికెన్సన్ కౌంటీ ఏర్పడింది వైజ్ నుంచీ, మరో రెండు కౌంటీల నుంచీ ముక్కలు తీసి కలిపితేనే. బాగ్స్ 1898 ఫిబ్రవరి 7న వైజ్ కౌంటీలో, నార్టన్ పట్టణం పక్కన పుట్టాడు. స్టాన్లీ 1927 ఫిబ్రవరి 25న డికెన్సన్ కౌంటీలో పుట్టాడు. కారులో అయితే గంట దూరం కూడా ఉండదు. ఈ రెండు పుట్టుకల మధ్య ఆ కొండల్లోకి రైలు మార్గాలు విస్తరించాయి, బొగ్గు గనులు పెరిగాయి, పల్లెలకు పల్లెలు కంపెనీ క్వార్టర్లయ్యాయి.

బాగ్స్ ఆ గనుల బిడ్డ. 12 ఏళ్లకే బొగ్గు పనిలో దిగాడు. 40 ఏళ్లకు పైగా, వర్జీనియాలోనూ పక్కనున్న కెంటకీలోనూ, అదే పని. కొండ పాట అనగానే గడ్డివాములూ చెక్క గుడిసెలూ ఊహించుకునేవాళ్లు ఇక్కడ ఆగాలి. గనులకు నలుమూలల నుంచీ మనుషులు వచ్చారు. దక్షిణాది నుంచి నల్లజాతి కార్మికులు, సముద్రం దాటి ఇటాలియన్లు, హంగేరియన్లు. బాంజో నల్లవాళ్ల వాయిద్యమే. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల చేతుల్లో అమెరికాకు వచ్చింది. (మన దగ్గర కొందరు బాంజో అని పిలిచేది టైపు మిషను మీటల్లాంటివి ఉన్న బుల్‌బుల్ తరంగ్. దీనికీ దానికీ సంబంధం లేదు. ఇది డప్పులాంటి గుండ్రటి చట్రానికి తోలు బిగించి, పొడుగు మెడ మీద అయిదు తీగలు లాగిన వాయిద్యం.) బాగ్స్ అన్నలూ ఊళ్లోవాళ్లూ చూపుడువేలి గోటితో తీగల్ని కిందికి కొడుతూ వాయించేవాళ్లు. క్లాహ్యామర్ అంటారు దాన్ని. అతనికి అది చాలలేదు. ఒక నల్లజాతి వాద్యకారుడు తీగల్ని వేళ్లతో పైకి మీటుతూ, పాట నడకను ఒక్కో స్వరంగా పలికించడం చూసి, నేను వాయిస్తే అలాగే వాయించాలి అనుకున్నాడు. ఆ తర్వాత గ్రామఫోను వచ్చింది. 1920ల్లో నల్లజాతి గాయనులు పాడిన బ్లూస్ రికార్డులు కొని, వాటిని బాంజో మీదికి దించాడు. వాటిలో పక్కవాద్యం పియానో. దాన్ని అయిదు తీగల తోలు వాయిద్యం మీదికి తేవడం అప్పటి లెక్కన ప్రయోగమే.

కాబట్టి 1927 మార్చిలో, స్టాన్లీ ఇంకా పొత్తిళ్లలో ఉన్నప్పుడు, న్యూయార్క్‌లో బ్రన్స్‌విక్ కంపెనీకి బాగ్స్ పాడిన 8 పాటలు తాతలనాటి పాటల మూట కావు. అవి ఒక గని కార్మికుడు తన కాలపు శబ్దాలు విని, ఏరుకుని, తన చేత్తో కూర్చుకున్నవి. ‘కంట్రీ బ్లూస్’ వినండి. గొంతూ బాంజో ఒకే దారిలో నడుస్తాయి. గొంతు ఎక్కడ జారితే తీగ అక్కడ జారుతుంది. ఇక్కడ బాంజో గొంతు వెనక నడిచే పక్కవాద్యంలా ఉండదు, పాడేవాడి పళ్ల మధ్య నలిగిన మాటే మళ్లీ తోలు మీద మోగినట్టుంటుంది. మూడో స్వరం దగ్గర అతను మేజరూ కాని మైనరూ కాని చోట నిలబడతాడు. మన చెవికి గాంధారం కాస్త దింపి పలికినట్టు తెలుస్తుంది. ఆ కాస్తలోనే బ్లూస్ ఉంది. బాంజో అయిదో తీగ పొట్టిది, మెడ మధ్యలోంచి మొదలవుతుంది, ఎప్పుడూ ఒకే స్వరం మోగుతుంది. తంబురా శ్రుతికి అలవాటైన మనకు ఆ మోత కొత్తగా అనిపించదు. అయితే తంబురా పాటకుణ్ణి ఆదుకుంటుంది. బాగ్స్ అయిదో తీగ మాత్రం అతన్ని వదలని బాకీలా మోగుతూనే ఉంటుంది.

ఆ రికార్డులు వచ్చాక కొన్నాళ్లు గని మానేశాడు. బృందం కట్టాడు. 1929లో మరో చిన్న కంపెనీకి 4 పాటలు పాడాడు. అంతలో ఆర్థిక మాంద్యం వచ్చి పడింది. రికార్డులు కొనే దిక్కు లేదు. ఇంట్లో భార్యకూ, చర్చికి వెళ్లే ఇరుగు పొరుగుకూ ఆ వాయిద్యం గిట్టదు. ఆ కొండల్లో బాంజో అంటే నాటు సారా, శనివారం రాత్రి డ్యాన్సులు, తుపాకీ తగాదాలు. బాగ్స్ వాటికి దూరంగా బతికినవాడేమీ కాదు. చివరికి బాంజోను అప్పు కింద ఒక స్నేహితుడి ఇంట్లో కుదువ పెట్టాడు. దాదాపు పాతికేళ్లు అది అక్కడే ఉంది.

బాంజో పక్కన పెట్టిన మొదటివాడు ఇతనే.

ఇప్పుడు స్టాన్లీ ఇంటికి వద్దాం. కుర్రవాడిగా ఉన్నప్పుడు అమ్మ అడిగిందట: అయిదు డాలర్లున్నాయి, ఆడ పంది కావాలా, బాంజో కావాలా? రెండూ ఒకటే ధర. రాల్ఫ్ బాంజో అన్నాడు. వాయించడం నేర్పింది కూడా అమ్మ లూసీయే, క్లాహ్యామర్ పద్ధతిలో. బాగ్స్ ఇంట్లో ఇల్లాలికి కంటగింపైన వాయిద్యం స్టాన్లీ ఇంట్లో తల్లి చేతిలోంచి వచ్చింది. తేడా అక్కడే మొదలైందని నా అనుమానం.

ఇంకో తేడా రేడియో. బాగ్స్‌కు అందిందల్లా రికార్డు కంపెనీ. అది మూతపడితే దారి మూసుకున్నట్టే. 1946 చివర్లో సైన్యం నుంచి తిరిగొచ్చిన రాల్ఫ్, అన్న కార్టర్‌తో కలిసి బృందం కట్టి మొదట పాడింది నార్టన్ రేడియోలో. అవును, బాగ్స్ పుట్టిన చోటికి కూతవేటు దూరంలోనే. అప్పటికి బాగ్స్ బాంజో పరాయి ఇంట్లో పడి ఏళ్లు గడిచాయి. నార్టన్ నుంచి అన్నదమ్ములు కొద్ది వారాల్లోనే బ్రిస్టల్ రేడియోకు మారారు. మధ్యాహ్నం రేడియోలో పాడటం, సాయంత్రం ఏ కొండ బళ్లోనో టిక్కెట్టు పెట్టి కచేరీ చెయ్యడం, రాత్రి మళ్లీ కారెక్కడం. అది వృత్తి సంగీతం. బాగ్స్ ఎన్నడూ ఎరగని బతుకు.

ఆ వృత్తికి అప్పుడే ఒక కొత్త అచ్చు దొరికింది. కెంటకీ మనిషి బిల్ మన్రో, 1945 చివర్లో తన దగ్గర చేరిన ఎర్ల్ స్క్రగ్స్ బాంజోతో కలిసి తయారుచేసిన సంగీతం. తర్వాత దానికే బ్లూగ్రాస్ అని పేరు పడింది. పాత తరహా బృందంలో ఫిడేలూ బాంజో కలిసి ఒకే బాణీని నడుపుతాయి. బ్లూగ్రాస్‌లో వంతులుంటాయి. ఒకే మైకు ముందుకు ఒక్కొక్కరు వచ్చి తమ విద్య చూపించి వెనక్కి తగ్గుతారు. స్క్రగ్స్ బొటనవేలికీ రెండు వేళ్లకూ తొడుగులు పెట్టుకుని స్వరాలను గొలుసుగా దొర్లిస్తాడు. లెక్కకు బాగ్స్ వాడేదీ బొటనవేలూ రెండు వేళ్లే. కానీ బాగ్స్ ఒక్కో స్వరాన్ని పాటలోని అక్షరానికి అక్షరంగా మీటుతాడు. స్క్రగ్స్ పద్ధతిలో బాణీ ఆ దొర్లే స్వరాల మధ్య తలెత్తి కనిపిస్తుంది, అంతే. రాల్ఫ్ అమ్మ నేర్పిన పద్ధతి దాటి ఈ పద్ధతికి వచ్చాడు. స్టాన్లీ సోదరులు మన్రో బాణీలో ‘మాలీ అండ్ టెన్‌బ్రూక్స్’ రికార్డు చేస్తే మన్రోకు కోపం వచ్చింది. కొలంబియా కంపెనీ వాళ్లను తీసుకుందని తెలిసి తాను ఆ కంపెనీనే వదిలేశాడు. తర్వాత రాజీ పడ్డారు, కార్టర్ కొన్నాళ్లు మన్రో బృందంలోనూ పాడాడు. ఆ కోపంలో న్యాయం లేదనలేం. 1940ల చివర్లో స్టాన్లీ సోదరులు నవీనులు, ఇంకొకరి కొత్తదనాన్ని ఎత్తుకున్న నవీనులు.

ఇద్దరూ పాడిన పాట ఒకటుంది, ‘ప్రెటీ పాలీ’. ఇంగ్లండులో 18వ శతాబ్దంలో వీధుల్లో అమ్మిన కరపత్రాల పాట దానికి మూలం. ఓడ వడ్రంగి ఒకడు గర్భవతి అయిన ప్రియురాలిని చంపి పారిపోతే, ఆమె దయ్యమై ఓడలో కనిపిస్తుంది. అట్లాంటిక్ దాటి కొండలు ఎక్కేసరికి పాటలోంచి గర్భమూ పోయింది, దయ్యమూ పోయింది. హంతకుడు ముందు రాత్రే తవ్విపెట్టుకున్న గొయ్యి మాత్రం మిగిలింది. కారణం చెప్పని హత్య అది. 1927లో బాగ్స్ దీన్ని ‘నేను’ అంటూ మొదలుపెడతాడు. తిరుగుబోతుగా ఉన్న రోజుల్లో ఈ పిల్ల వెంట పడ్డానని చెప్పుకొస్తాడు. కొన్ని చరణాలు దాటేసరికి ఆ ‘నేను’ మాయమై, చంపేవాడు విల్లీ అనే మరొకడవుతాడు. జానపదంలో ఇది మామూలే అని దాటెయ్యవచ్చు. కానీ బాగ్స్ గొంతులో మాత్రం ఆ మార్పు ఒప్పుకోలు మొదలుపెట్టి మధ్యలో పేరు మార్చేసినట్టు వినిపిస్తుంది. బాంజో వేగం పెరగదు, తగ్గదు. గొయ్యి వచ్చినప్పుడూ అదే నడక.

1950లో కొలంబియాకు స్టాన్లీ సోదరులు పాడిన ‘ప్రెటీ పాలీ’లో ముందుగా దూకేది రాల్ఫ్ బాంజో. చెక్కు చెదరని వేగం, ప్రతి చరణం మధ్యా ఒక విసురు. అద్భుతమైన రికార్డు, సందేహం లేదు. వింటూ కాలు ఆడిస్తాం. ఆడించాక, ఒక ఆడపిల్లను గోతిలో పూడ్చే పాటకు కాలు ఆడిస్తున్నామని గుర్తొచ్చి ఇబ్బంది పడతాం. బాగ్స్ రికార్డు విన్నప్పుడు ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే కాలు ఆడదు. ఈ పాట వరకు తీర్పు నాకు కష్టం కాదు, బాగ్స్‌దే పైచెయ్యి. బ్లూగ్రాస్ వేగం చాలా పాటలకు ప్రాణం పోసింది గాని, ఈ పాటలోని భయాన్ని అది విద్యాప్రదర్శన కింద కప్పేసింది.

ఇక్కడితో ఆగితే స్టాన్లీకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. అతని అసలు కథ 1966 డిసెంబరు తర్వాతిది. 41 ఏళ్లకే కార్టర్ పోయాడు. ముందు గొంతు కార్టర్‌ది, దాని మీద తారస్థాయిలో వంత రాల్ఫ్‌ది. ముందు గొంతు పోయాక వంత పాడేవాడు ఏం చెయ్యాలి? మానేద్దామా అని కూడా ఆలోచించాడు. మానలేదు. అయితే మిగతా బ్లూగ్రాస్ వాళ్లు రాక్ వైపు, జాజ్ వైపు చూస్తున్న రోజుల్లో అతను చిన్నప్పటి చర్చి వైపు తిరిగాడు. ఆ ఇంటివాళ్లు ప్రిమిటివ్ బాప్టిస్టులు. వాళ్ల చర్చిలో వాయిద్యం పనికిరాదు. పెద్దాయన ఒక పంక్తి చెబుతాడు, జనం దాన్ని అందుకుని సాగదీస్తారు. మన భజనలో గురువు చెప్పింది గుంపు అందుకున్నట్టే ఉంటుంది గాని, ఇక్కడ తాళం లేదు, చిడతలు లేవు. ఊపిరి ఎంతవరకు సాగితే పంక్తి అంతవరకు సాగుతుంది. 1970ల తొలినాళ్లలో, రికీ స్కాగ్స్, కీత్ విట్లీ అనే ఇద్దరు టీనేజీ కుర్రాళ్లను బృందంలో చేర్చుకున్న కాలంలోనే, స్టాన్లీ ఈ వాయిద్యం లేని పాటను బ్లూగ్రాస్ వేదిక మీదికి తెచ్చాడు. బ్లూగ్రాస్ అంటేనే వాయిద్యాల పోటీ. ఆ వేదిక మీద బాంజో దించి పాడటానికి ధైర్యం కావాలి.

నాష్‌విల్ స్టూడియోలో జరిగింది దాని కొనసాగింపే. ‘ఓ డెత్’ చావుకూ, చావబోయేవాడికీ మధ్య సంభాషణ. ఇంకో ఏడాది ఆగమని వీడు ప్రాధేయపడతాడు. ఒంటికి తాను ఏమేం చేస్తుందో అది వివరిస్తుంది. నార్త్ కరోలినాలో లాయిడ్ చాండ్లర్ అనే బోధకుడు దీన్ని కట్టాడని ఒక వాదన ఉంది. తెల్లవాళ్ల చర్చిల అవతల, అలబామాలో నల్లజాతి గాయని వెరా హాల్ కూడా ఇలాంటిది పాడింది. ఎవరిదైనా, పాడేవాడు ఇద్దరి మాటలూ పలకాలి. తప్పనిసరిగా ఏదో ఒక పక్షానికి ఒరుగుతాడు.

బాగ్స్ చావబోయేవాడి పక్షం. అతని ‘ఓ డెత్’ 1927 నాటిది కాదు, 1963 నాటిది. అంతకు పదకొండేళ్ల ముందు హ్యారీ స్మిత్ పాత రికార్డులు ఏర్చి కూర్చిన 84 పాటల సంకలనంలో బాగ్స్‌వి రెండు చేరాయి. నగరాల కుర్రకారు వాటిని మతిపోయి విన్నారు. ఆ గొంతు మనిషి బతికే ఉన్నాడని వాళ్లలో చాలామందికి తెలియదు. పాత పాటలు సేకరించే గాయకుడు మైక్ సీగర్ వెతుక్కుంటూ నార్టన్ వస్తే, గని పని అయిపోయి, విడిపించుకున్న బాంజోను మళ్లీ శ్రుతి చేసుకుంటున్న 65 ఏళ్ల మనిషి కనిపించాడు. ఆ వయసు గొంతుతో పాడిన ‘ఓ డెత్’లో బాంజో ఆగకుండా నడుస్తూ ఉంటుంది. వాయించడం ఆపితే ప్రాణం పోతుందన్నట్టు, మాట మాటకూ తీగను పట్టుకుంటాడు. చావు మాటలు కూడా అదే బెదురు గొంతుతో పలుకుతాడు, ఎవరో తనతో అన్నవి మనకు చెబుతున్నట్టు. చర్చి పాటా, పాపపు బాంజో ఒకచోట చేరితే ఎలా ఉంటుందో ఈ రికార్డే సాక్ష్యం. ఆ రెంటికీ అతనిలో చివరిదాకా పొత్తు కుదరలేదు. కుదరనితనమే ఆ పాట.

స్టాన్లీ రికార్డులో ప్రాధేయపడేవాడు ఎక్కడ? దాదాపు లేడు. తాళం లేదు, తోడు లేదు. పంక్తి మొదట్లో గొంతు స్వరం మీద నేరుగా దిగదు. కింది నుంచి చిన్న విరుపుతో ఎక్కి, అక్కడ ఆగి, చివర్లో రాలిపోతుంది. గమకం అనడానికి సాహసించను గాని, ఆ విరుపులు అలంకారానికి వేసినవి కావు, జనం కలిసి సాగదీసే ఆ చర్చి పాట నుంచి ఒంటబట్టినవి. జనం పాడే పద్ధతిని ఒక్కడే పాడుతున్నాడు. అందుకే ఆ ఒంటరి గొంతులో బెదురు లేదు. అది చావు పక్షం, లేదా చావును చూసి చూసి ఉన్న సంఘపు పెద్ద పక్షం. సినిమాలో ఈ గొంతును కూ క్లక్స్ క్లాన్ నాయకుడి పెదవులకు అతికించారు, ఒక నల్లజాతి గిటారు వాద్యకారుణ్ణి ఉరితీయబోయే సన్నివేశంలో. వినడానికి గొప్పగానే ఉంది. కానీ చర్చిలో అందరూ సమానంగా వణకవలసిన పాట ఆ తెరమీద కొందరు మరొకరిని వణికించే పాట అయింది. ఆ తప్పు స్టాన్లీది కాదు. అయినా ఆ గొంతులో అధికారం ఉంది కాబట్టే దర్శకులకు ఆ ఆలోచన అమరింది. బాగ్స్ రికార్డును ఆ పెదవులకు అతికించడం కుదరదు, ఊహించి చూడండి.

గ్రీల్ మార్కస్ వంటి విమర్శకులు బాగ్స్‌ను అమెరికా అంతరాత్మలోంచి వచ్చిన వింత ప్రవక్తలాగా నిలబెట్టారు. చదవడానికి బావుంటుంది. నాకు మాత్రం అతను గ్రామఫోను కొనుక్కుని, నచ్చిన పాటను తన వాయిద్యానికి సరిపడా మలుచుకున్న తెలివైన కార్మికుడిగానే కనిపిస్తాడు. సీగర్ తీసిన అతని మాటల రికార్డును ఫోక్‌వేస్ రికార్డు కంపెనీ విడిగా విడుదల చేసింది. అందులో మాట్లాడేది గనులూ గొడవలూ డబ్బూ ఎరిగిన మనిషి, ప్రవక్త కాదు. స్టాన్లీకీ ఇలాంటి అచ్చే గుద్దారు, ఆదిమ కంఠమని. ఆ ఆదిమత్వం రేడియో, మైకు, రికార్డు కంపెనీ అన్నీ చూసిన వృత్తి కళాకారుడు ఏళ్ల తరబడి కచేరీల తర్వాత ఎంచుకున్నది. ఎంచుకున్నది కాబట్టి దాని విలువ తగ్గదు.

‘ఓ డెత్’ వరకు ఎవరిది మేలు? గానంగా స్టాన్లీదే. అంత ఖాళీలో అంత నిబ్బరంగా నిలబడ్డ గొంతు ఆ సంగీతంలో నేను మరొకటి వినలేదు. కానీ పాటలో ఉన్న ఇద్దరిలో మనం ఏదో ఒకనాడు కాబోయేది బతిమాలేవాడే. వాడి గొంతు వినాలంటే బాగ్స్ దగ్గరికే వెళ్లాలి. రెండూ ఇప్పుడు సులువుగానే దొరుకుతున్నాయి. ముందు 1963 నాటిది, తర్వాత 2000 నాటిది, ఈ వరసలోనే వినండి. సినిమా దృశ్యం మాత్రం చూడకుండా వినండి.

బాగ్స్ 1971 ఫిబ్రవరి 7న, తన 73వ పుట్టినరోజున పోయాడు. అదే ఏడాది స్టాన్లీ తన సొంత కొండ మీద ఏటేటా జరిగే బ్లూగ్రాస్ ఉత్సవం మొదలుపెట్టాడు. 2016 జూన్ 23న అతను పోయాక, ఆ కొండ మీదే పూడ్చారు.